ఉక్కు గడియారము - వేలముపాట

ఉగాదినాడు పంచాంగ శ్రవణములో ఫలానా తిథి ఇన్ని గడియలు, ఫలానా నక్షత్రము ఇన్ని విగడియలు అని సిద్ధాంతిగారు చదువుచుండగా మనమందరము వినుచుందుము. పగలు రాత్రి కలిపి 60 గడియలు. గడియకు 24 నిమిషములు. ఆ గడియ అను మాటనుండియే గడియారమను పేరు పుట్టినది. కాలము తెలుపుటకై పుట్టిన ఆ వస్తువు నేడు విదేశముల వేలముపాటలకెక్కి కోట్ల రూపాయలు పలుకుచున్నది. అది ఎట్లు జరిగినదో, అందువలన మనబోటి సంసారులు తెలిసికొనదగినది ఏమున్నదో ఈ సంచిక చదువు సోదరీసోదరులకు మనవి చేయుచున్నాను.

పూర్వము మగవారు గడియారమును గొలుసుతో కోటుజేబులో ఉంచుకొనెడివారు. చేతికి కట్టుకొనునది స్త్రీల ఆభరణమని తలచెడివారు. 1914లో మొదలైన ప్రపంచయుద్ధము ఆ తలపును మార్చినది. ఒక చేత తుపాకి పట్టిన సిపాయికి రెండవ చేతితో జేబు తడుముకొను తీరిక ఎక్కడిది? యుద్ధము ముగిసిన తరువాత కూడ ఆ అలవాటు నిలిచిపోయినది.

మన దేశములో నిమిషము విలువను సామాన్యునికి నేర్పినది రైలుబండి. 1906కు పూర్వము రైళ్లు మద్రాసు కాలమును అనుసరించి నడిచెడివి. ఆ సంవత్సరము జనవరి 1 నుండి దేశమంతటికి ఒకే కాలమును ఏర్పరచిరి. ఆ కాలమునకు ఆధారమైన 82½ డిగ్రీల రేఖ మన కాకినాడకు సమీపముననే పోవుచున్నది. స్విట్జర్లండు గడియారములకును మన దేశమునకును సంబంధము పాతదే. ఇక్కడ పోలో ఆడు తెల్లదొరల గడియారముల అద్దములు పగిలిపోవుచుండగా, ముఖమును వెనుకకు త్రిప్పి దాచుకొనుటకు వీలైన "రివర్సో" అను గడియారమును 1931లో తయారుచేసిరి.

1969 డిసెంబరు 25న జపానులోని సైకో కంపెనీ క్వార్ట్జ్ చేతిగడియారమును అమ్మకమునకు పెట్టినది. తాళము త్రిప్పు పని లేదు. కాలము తప్పుట బహు స్వల్పము. దాని దెబ్బకు స్విట్జర్లండులో వేలకొలది పనివారు ఉపాధి కోల్పోయిరి. ఇక పాత గడియారముల పని ముగిసినదని లోకమనుకొనెను. కాని జరిగినది వేరు. కాలము చూచుటకు అక్కర తీరిన పిమ్మటనే వాటిని కళావస్తువులుగా చూచువారు పెరిగిరి. జెనీవా, న్యూయార్కు నగరములలో గడియారములకు ప్రత్యేకముగా వేలముపాటలు సాగినవి.

ఈ పాటలలో ధర దేనిని బట్టి వచ్చును? బంగారమును బట్టియా? కాదు. పటేక్ ఫిలిప్ కంపెనీవారు 1941 నుండి 1518 అను సంఖ్యగల గడియారమును చేసిరి. అది వారము, తేదీ, నెల, చంద్రకళలు కూడ చూపును. మొత్తము 281 మాత్రమే చేసిరి. వాటిలో దాదాపు అన్నియు బంగారువి. ఉక్కువి నాలుగు మాత్రమే బయటపడినవి. 2016లో జెనీవాలో అట్టి ఉక్కు గడియారమొకటి 1 కోటి 10 లక్షల స్విస్ ఫ్రాంకులు పలికి బంగారువాటిని మించిపోయినది! సండూరు కొండల ఇనుపరాయి బండ్లకెత్తుట దినమును చూచు మనకు ఇది వింతగా తోచును. ఆనాటి ధనికులు బంగారమే కోరిరి గనుక ఉక్కువి కొద్దిగానే తయారైనవి. అరుదుతనమే వాటికి విలువయైనది.

రెండవది, వస్తువు వెనుకనున్న కథ. అమెరికా సినిమా నటుడు పాల్ న్యూమన్‌కు ఆయన భార్య ఒక రోలెక్సు గడియారము కొని యిచ్చినది. కారు పందెములాడు భర్తను జాగ్రత్తగా నడుపుమని కోరుచు దాని వెనుక చెక్కించినది. ఆనాడు కొన్ని వందల డాలర్లు చేసిన ఆ రకపు ఉక్కు గడియారము 2017లో న్యూయార్కులో 1 కోటి 77 లక్షల డాలర్లకు పైగా పలికినది. అంతకుముందు 2009లో అదే నగరములో గాంధీమహాత్ముని జేబుగడియారము, కళ్లజోడు, చెప్పులు, పళ్లెము, గిన్నె కలిపి వేలము వేయగా బెంగుళూరు వ్యాపారి విజయ్ మాల్యా 18 లక్షల డాలర్లకు పాడుకొనెను. ఆ సొమ్ము లోహమునకు కాదు, ఆ మనిషికి.

మూడవది, వస్తువు చెడకుండుట. పాతబడిన ముఖమునకు కొత్తరంగు వేసినను, పైడొప్పను అరుగునట్లు మెరుగుపెట్టినను పాటలో విలువ పడిపోవును. మనము శుభ్రమనుకొనునది ఎరిగినవారి దృష్టిలో నష్టము.

కోట్ల మాట మనకెందుకని అందురేమో. మన చేరువలోనే చూడుడు. 1961లో బెంగుళూరులో జపాను సిటిజన్ కంపెనీ సహకారముతో హెచ్.ఎం.టి. గడియారముల తయారీ మొదలైనది. జనతా, పైలట్, సోనా అను పేర్లు ఎరుగని ఇల్లు లేదు. పెండ్లికొడుకునకు కట్నముగా, ఉద్యోగము విరమించువారికి కానుకగా అవే ఇచ్చెడివారు. 1980ల దశకములో హైదరాబాదు ఆల్విన్ సంస్థయు సైకో సహకారముతో గడియారములు చేసెను. ఆల్విన్ ఏనాడో ఆగిపోయెను, హెచ్.ఎం.టి. గడియారముల సంస్థను మూసివేయుటకు 2016లో కేంద్రప్రభుత్వము నిర్ణయించెను. ఇప్పుడు వాటిని వెదకి కొనువారున్నారు. దానితోపాటు మోసమును వచ్చినది. నాలుగు గడియారముల భాగములు ఒకదానిలో కూర్చి, ముఖమునకు రంగువేసి, పాతదని అమ్ముచున్నారు. కొనదలచినవారు మూత తీయించి, లోని యంత్రముపై పేరును ముఖముపై పేరును సరిచూచుకొనవలెను.

ధనికులు పాడుకొన్న గడియారములు తరచు ఇనుపపెట్టెలలో దాగియుండును. హైదరాబాదు మూడవ సాలార్ జంగు (1889-1949) సేకరించిన గడియారములు మాత్రము మ్యూజియములో అందరికొరకు ఉన్నవి. కలకత్తా కుక్ అండ్ కెల్వీ కంపెనీ గడియారములో గంటగంటకు గడ్డముబొమ్మ బయటకు వచ్చి గంటకొట్టుటను పిల్లలు గుంపుగా నిలిచి చూచుచుందురు. సేకరణకు అంతకన్న సార్థక్యమేమి?

మన ఇండ్లలో సాలార్ జంగులు లేరు. కాని యశ్వంతనగరు, దోణిమలై ప్రాంతములకు పొట్టకూటికై వచ్చిన తెలుగువారు స్వగ్రామమునుండి తెచ్చుకొన్న వస్తువులెన్ని? పొలము అక్కడే నిలిచినది. ఇల్లు అక్కడే నిలిచినది. తండ్రిచేతి గడియారము మాత్రము చేతితోపాటు వచ్చినది. అది ఆగిపోయినదని పాతసామానువానికి వేయకుడు. కొత్తరంగు వేయింపకుడు. బాగుచేయించినచో తీసివేసిన భాగములను అడిగి తెచ్చుకొని భద్రపరచుడు. అన్నిటికన్న ముఖ్యము, ఒక చీటీపై ఎవరు, ఎప్పుడు, ఏ ఊరిలో, ఏ సందర్భమున కొనిరో వ్రాసి దానితో ఉంచుడు. ఆ సంగతి తెలిసిన పెద్దవారు ఉండగానే అడిగి వ్రాయుడు. జెనీవా పాటలో ధర తెచ్చునదియు అట్టి వివరమే. మనకైతే అది ధరకొరకు కాదు, మనవలకు తాత ఎవరో తెలియుటకు.

ఆ చీటీని తెలుగులోనే వ్రాయుడు. కన్నడబడిలో చదువు మన పిల్లలకు తెలుగక్షరములు రావందురా? తాతగారి చీటీ చదువుటకైనను నాలుగక్షరములు నేర్చుకొందురు.