తెలుఁగున మహదమహద్విభాగము

సంస్కృతమున లింగము శబ్దాశ్రయము. భార్యను జెప్పు దారశబ్దము పుంలింగము, కళత్రశబ్దము నపుంసకలింగము. అందు గౌరవలాఘవముల ప్రసక్తి లేదు. తెలుఁగున నట్లు గాక విభాగ మర్థాశ్రయము. కావున నా ప్రసక్తి కలుగుచున్నది. గిద్దలూరు చెంతనున్న రాచర్లలోనేమి, తెలుఁగునాఁట మఱియెక్కడనేమి, రాముఁడు ‘వచ్చినాఁడు’. సీతయు నావును ‘వచ్చినది’. బహువచనమున స్త్రీలు పురుషులవలెనే ‘వచ్చినారు’, ఆవులు ‘వచ్చినవి’. తమిళమున ‘అవళ్’, కన్నడమున ‘అవళు’ అని యేకవచనముననే స్త్రీకి వేఱు సర్వనామము గలదు.

ఈ విభాగము భాషలోనిది. గొప్పయను నర్థముగల ‘మహత్తు’ను పురుషవాచకములకుఁ బేరుగా నిడినవారు మాత్రము వ్యాకర్తలు. చిన్నయసూరి 1858 నాఁటి బాలవ్యాకరణమున స్త్రీవాచకములకు ‘మహతి’ యని వేఱు పేరిడియు, నేకవచనమునఁ బ్రయోగము ననుసరించి యమహత్కార్యమునే చెప్పెను. బోధకు లీ రెంటిని వేఱుపఱిచి చెప్పవలయును: వాడుక నొకరు శాసింపఁజాలరు, పేరు మనుష్యకల్పితము. ఆ వాడుకయు నిర్దయము గాదు. స్త్రీని గౌరవింపఁదలఁచినపుడు లోకము తానై ‘వారు వచ్చినారు’ అని బహువచనము నాశ్రయించుచున్నది.