పాస్క్వినేడ్: రాతి బొమ్మ పేరున పుట్టిన మాట

సంస్కరణోద్యమ చరిత్ర చదివే విద్యార్థికి ‘పాస్క్వినేడ్’ అనే మాట ఎదురవుతుంది. చాలాకాలం మేము దీనిని ‘వ్యంగ్య పద్యము’ అని చెప్పి సాగిపోయాము. అది చాలదు. వ్రాసినవాని పేరు లేకుండా, అధికారములో ఉన్నవారిని ఎగతాళి చేస్తూ, నలుగురూ చూచే చోట అంటించే వ్రాత అని దాని అర్థము. మన ఆకాశరామన్న ఉత్తరము దీనికి దగ్గర చుట్టము. అయితే ఆ ఉత్తరము చాటుగా చేరుతుంది, ఇది వీధిలో నిలబడి మాట్లాడుతుంది.

1501లో కార్డినల్ ఒలివియేరో కరాఫా రోములో పియాజ్జా నవోనా దగ్గర విరిగిపోయిన ఒక ప్రాచీన శిల్పమును నిలబెట్టించాడు. జనులు దానిని పాస్క్వినో అన్నారు. ఆ పేరు ఒక దర్జీదని కొందరు, బడిపంతులుదని కొందరు అంటారు. ఏటా ఏప్రిల్ 25న, మార్కు పండుగనాడు, బొమ్మకు వేషము వేసి లాటిను పద్యాలు అంటించేవారు. 1509లో వాటిని అచ్చు కూడా వేశారు. మొదట అది పండితుల వినోదమే. క్రమేణా పోపులకూ కార్డినళ్లకూ గుచ్చుకోసాగింది. ఆరవ ఆడ్రియన్ (1522–23) ఆ బొమ్మను టైబరు నదిలో పడవేయించబోగా, నీటిలో అది కప్పవలె ఇంకా గట్టిగా అరుస్తుందని ఎవరో వారించినట్లు ఒక కథ ఉన్నది.

ఇటలీ విడిచి స్విట్జర్లాండు చేరిన ప్రొటెస్టంటు పండితుడు కురియోనే 1544లో ఇట్టి వ్రాతలను రెండు సంపుటాలుగా ప్రకటించాడు. ఆ విధముగా రోము వీధి వెక్కిరింత సంస్కరణ పక్షానికి ఆయుధమైనది. జర్మను భాషలో మాత్రము ‘పాస్క్విల్’ అంటే పేరులేని దూషణ పత్రమనే చెడ్డ అర్థము స్థిరపడినది.

ఏలీయా కర్మెలు మీద బయలు ప్రవక్తలను అపహాస్యము చేసినప్పుడు 450 మంది ఎదుట, పట్టపగలు, తన ముఖముతోనే చేశాడు (1 రాజులు 18). పేరు దాచినవాడు పిరికివాడని ఇక్కడ బోధించుట సులభము. మేమూ అలాగే బోధించాము. కాని నికోలో ఫ్రాంకో అనే రచయితను 1570లో రోములో ఉరితీశారు. నాలుగవ పౌలు పోపునూ ఆయన కుటుంబమునూ దూషించాడన్నది నేరము. ఆ పోపు కూడా కరాఫా వంశస్థుడే, బొమ్మను నిలబెట్టిన కార్డినలుకు బంధువే!

మేము పూర్వము సేవచేసిన ఒక సంఘములో మందిర నిర్మాణ నిధిని ఎగతాళి చేస్తూ నాలుగు పాదాల పద్యమొకటి తలుపుకు అంటించారు. సంతకము లేదు. ఆ చేతివ్రాత ఎవరిదో కనుగొనుటకు రెండు వారాలు వెచ్చించాము. లెక్కల పుస్తకము తెరచినది ఆ తరువాతనే. పద్యములో చెప్పిన మొత్తము సరిగానే ఉన్నది.