పద్దుల వెదుకులాట

కంప్యూటరు నిదానముగ నున్నదని వినినంతనే కొత్త యంత్రము కొనుడని చెప్పువారే ఎక్కువ. నేనెరిగినంతలో జాప్యము లెక్క కట్టుటయందు కంటె, కట్టవలసిన పద్దును ఫైలునుండి తెచ్చుటయందే యుండెడిది.

1960 తరువాత అమెరికా వ్యాపార సంస్థలు జీతములు, బీమా, సరకుల లెక్కలు కోబాల్ భాషలో వ్రాయించుకొనెను. పద్దులు అయస్కాంతపు టేపుపై నుండెడివి. ఐ.బి.ఎం. వారి 2400 తరగతి టేపున అంగుళమునకు 800 అక్షరములు పట్టును. కార్డునుండి ఎక్కించిన 80 అక్షరముల పద్దునకు అంగుళములో పదియవ వంతు చాలును. కాని టేపు ఆగి మరల కదలుటకై పద్దునకు పద్దునకు నడుమ 0.6 అంగుళము ఖాళీ విడువవలెను. అనగా వ్రాత ఒక పాలు, బయలు ఆరు పాళ్లు! పది పద్దులు విడివిడిగ 7 అంగుళములు ఆక్రమింపగా, ఒకే కట్టగా చేర్చినచో 1.6 అంగుళములలో ఇమిడెను. ఇందుకు టేపును కొత్త కట్టలుగా వ్రాసికొని, ప్రోగ్రాములో ఫైలును వర్ణించు ఒక్క పంక్తి మార్చిన జాలును. ఇంతకంటె చవుకైన సంస్కరణ నేనెరుగను.

టేపును మొదటినుండి చదువుకొని రావలయును. కోరిన పద్దును నేరుగ అందుకొనుటకు ఐ.బి.ఎం. వారు 1956లోనే రామాక్ యంత్రముతో డిస్కును తెచ్చియుండిరి: 24 అంగుళముల వ్యాసముగల 50 పళ్లెములు, వానిపై 50 లక్షల అక్షరములు. పిదప ఐశామ్ అను పద్ధతి వచ్చి, పుస్తకమునకు విషయసూచిక వలె ఫైలునకు సూచికను సమకూర్చెను. చిక్కేమనగా, చోటు చాలని కొత్త పద్దులు వేరొక మూలకు చేరి గొలుసుగా పెరుగును. ఒక్క పద్దుకై గొలుసంతయు తడవవలసి వచ్చును.

నేను పనిచేసిన ఒక కార్యాలయమున ఇట్లే జీతముల పట్టీ నెలనెలకు ఆలస్యమగుచుండెను. చిన్న ఉద్యోగులు ఒకటవ తారీకున చీకటి పడువరకు వరండాలో కాచుకొనెడివారు. పెద్ద యంత్రమునకై అర్జీ పోయినది. ఈలోగా మేమొక ఆదివారము ఫైలునంతయు టేపుపైకి దింపి, వరుసగా మరల డిస్కుపై కెక్కించితిమి. ఆ నెల జీతములు మధ్యాహ్నమునకే అందెను. అర్జీని మాత్రమెవ్వరును వెనుకకు తీసికొనలేదు!

ఈ ఆదివారపు శ్రమను తప్పించు ఉపాయమును బోయింగ్ పరిశోధనశాలలో రుడాల్ఫ్ బాయర్, ఎడ్వర్డ్ మెక్రైట్ అనువారు 1970లో వెల్లడించిరి. నిండిన పుటను రెండుగా చీల్చి, నడిమి గుర్తును పై సూచికకు పంపుట అందలి కీలకము. సూచిక తనంత తానే సరిపడుచుండును. పుటలను చీల్చు ఈ రీతిని అనుసరించి ఐ.బి.ఎం. వారు 1970 దశకమున విశామ్ పద్ధతిని ప్రవేశపెట్టిరి. అంతటితో ఊరకుండక, ఐశామ్ కోరికలను విశామ్ కోరికలుగా మార్చు మధ్యవర్తి ప్రోగ్రామును గూడ ఇచ్చిరి. పాత ప్రోగ్రాములు తాము చదువునది పాత ఫైలే యని తలచి, తమ పని తాము చేసికొనిపోయెను.