పాట మధ్యలో ఆగిన ఫోన్

"అన్నా, మళ్లా పోయింది. పాట మధ్యలనే."

చైతన్యపురి దగ్గర బస్సు కదలడం లేదు. 2014 ఏప్రిల్ ఎండ. రోడ్డు నడుమ మెట్రో పిల్లర్ల కోసం తవ్వి చుట్టూ రేకులు కట్టారు. మిగిలిన సందులోనే ఆటోలూ బస్సులూ. కిటికీ పక్కన కూర్చున్న నల్గొండ పిల్లగాడు ఫోన్ నా ముందు పెట్టాడు. తెర మీద కంపెనీ బొమ్మ గిర్రున తిరుగుతోంది. ఎవరూ ముట్టుకోకుండానే రీస్టార్ట్ అవుతోంది.

అది ఇంకా మార్కెట్లోకి రాని బటన్ల ఫోన్. దాని ఫర్మ్‌వేర్‌లో నెట్‌వర్క్ భాగం నాది. సంస్థ పేరెందుకు లెండి. పిల్లగాడు ఫీల్డ్ టెస్టర్. సంచిలో ఆరు ఫోన్లు వేసుకుని దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్‌కు, అటునుంచి ఇటు, పొద్దంతా బస్సుల్లో తిరగడమే వాడి ఉద్యోగం. టవర్ మారేచోట డేటా తెగి మళ్లీ అతుక్కుంటుంది. ఆ అతుకు గట్టిగా ఉందో లేదో చూడాలి.

వాడి చేతిలో రోజుకు రెండుసార్లయినా రీస్టార్ట్ అయ్యే ఫోన్, ఆఫీసులో మూడు వారాలు కూర్చోబెట్టినా కిక్కురుమనలేదు. "ఎక్కడో కింద పడేసుంటాడు" అన్నాడు మా లీడ్. నిజం చెప్పాలంటే నేనూ అలాగే అనుకున్నాను. అందుకే ఆ రోజు వాడితో బస్సెక్కాను.

రాత్రి గదిలో ఫోన్‌కు కేబుల్ పెట్టి లాగ్ దించాను. కింది వీధిలో హాస్టల్ పిల్లలు మిర్చిబజ్జీల బండి చుట్టూ మూగి ఉన్నారు. చచ్చేముందు ఫోన్ వదిలిన చివరి వరుసల్లో మూడు పేర్లున్నాయి. నెట్‌వర్క్ కనెక్షన్ చూసే టాస్క్: తాళం కోసం ఎదురుచూస్తోంది. డేటా లెక్క రాసే టాస్క్: తాళం దాని దగ్గరే ఉంది, కానీ నడవడం లేదు. ఎంపీత్రీ డీకోడర్: నడుస్తోంది.

మూడో పేరు చూసి లేచి నిలబడ్డాను. ల్యాబ్‌లో పాటలు పెట్టేవాడెవడు? బస్సులో పెట్టనివాడెవడు?

ఆ ఫోన్‌లో ఉన్నది ఒకే ప్రాసెసర్. దాని మీద నడిచే టాస్కులకు హోదాలుంటాయి. మా ఫోన్‌లో కనెక్షన్‌ది పై హోదా, పాటది మధ్యది, లెక్క రాసేదానిది అట్టడుగు. పైవాడు లేస్తే కిందివాడు తప్పుకోవాలి. అయితే కనెక్షన్ల పట్టికలో ఇద్దరు ఒకేసారి చెయ్యి పెడితే అంతా కలగాపులగమవుతుంది కనక దానికో తాళం ఉంటుంది. మ్యూటెక్స్ అంటాం.

పెళ్లింట్లో సరుకుల గది తాళంచెవి ఓ కుర్రాడి దగ్గర ఉందనుకోండి. వంటమాస్టర్ పొయ్యి దగ్గర నూనె కోసం కాచుకున్నాడు. కుర్రాడు అటు పోబోతే వడ్డించేవాళ్లు "నువ్వాగరా" అని పక్కకు నెట్టి దారంతా వాళ్లే నిండిపోతారు. వాళ్లకు వంటమాస్టర్‌ను ఆపే హోదా లేదు. అయినా ఆపేశారు. మా ఫోన్‌లో జరిగింది అదే. లెక్క రాసేది తాళం పట్టుకున్న క్షణంలో టవర్ మారింది. కనెక్షన్ లేచి తాళం కోసం నిలబడింది. ఈలోగా 320 కేబీపీఎస్ పాట మా నీరసపు చిప్‌ను పూర్తిగా పిండేస్తోంది. కిందివాడికి వంతు రాలేదు. కాపలాగా పెట్టిన వాచ్‌డాగ్ టైమర్, కనెక్షన్ నుంచి ఉలుకూ పలుకూ లేకపోయేసరికి ఫోన్ చచ్చిందనుకుని రీసెట్ చేసింది.

ఇదేదో మాకే పట్టిన శని కాదు. 1997 జులై 4న అంగారకుడి మీద ఆరెస్ వాలిస్ ప్రాంతంలో దిగిన పాత్‌ఫైండర్ వ్యోమనౌకకూ ఇదే జబ్బు చేసింది. దిగిన కొద్ది రోజులకే దాని కంప్యూటర్ తనంతట తానే రీసెట్ కావడం మొదలుపెట్టింది. అయినప్పుడల్లా ఆనాటి పని మర్నాటికి వాయిదా. కాలిఫోర్నియాలోని జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీలో గ్లెన్ రీవ్స్ నాయకత్వంలోని సాఫ్ట్‌వేర్ బృందం, భూమ్మీద ఉంచుకున్న నకలు యంత్రాన్ని నడిపి నడిపి చివరికి దానిలోనూ రీసెట్ రప్పించింది. అక్కడ తాళం పట్టుకున్నది వాతావరణ వివరాలు పోగుచేసే చిన్న టాస్క్. కాచుకున్నది, యంత్రం భాగాల మధ్య సమాచారం మోసే డేటా బస్‌ను చూసే పెద్ద టాస్క్. మధ్యలో దూరినవి వేరేవి. ప్రయోగానికి ముందు జరిగిన పరీక్షల్లోనూ ఈ రీసెట్ ఒకటి రెండుసార్లు తొంగిచూసింది. మళ్లీ రప్పించలేక వదిలేశారు. పిల్లగాణ్ని అనుమానించిన నేను వాళ్లనేమనను? పైగా తప్పులు పట్టే కోడ్‌ను తీసెయ్యకుండా అంగారకుడి దాకా పంపిన ముందుచూపు వాళ్లది. మేమైతే మెమొరీ కలిసొస్తుందని మార్కెట్ బిల్డ్‌లో లాగ్‌లన్నీ పీకేసేవాళ్లం.

మందు అప్పటికే ఉంది. 1990లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుంచి లూయీ షా, రగునాథన్ రాజ్‌కుమార్, జాన్ లెహోజ్కీ రాసిన పేపర్ దీన్ని ప్రయారిటీ ఇన్హెరిటెన్స్ అనే పేరుతో వివరించింది. సూత్రం ఇంతే: తాళంచెవి తిరిగిచ్చేదాకా కుర్రాడికి వంటమాస్టర్ హోదా. ఎవరూ పక్కకు నెట్టకూడదు. పాత్‌ఫైండర్ వాడిన వీఎక్స్‌వర్క్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఈ ఏర్పాటుంది, కానీ ఆ తాళానికి ఆపేసి ఉంది. భూమి నుంచి పంపి దాన్ని ఆన్ చేశారు. రీసెట్లు ఆగాయి.

మా కోడ్ తెరిచి చూశాను. తాళం తయారుచేసే వరుసలో అదే ఐచ్ఛికం. ఆపేసి ఉంది. ఆ వరుస రాసింది నేనే.

మర్నాడు కొత్త బిల్డ్ ఎక్కించి దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సెక్కాం. ఆరు ఫోన్లలోనూ పాటలు, అన్నీ 320 వే. చైతన్యపురి దాటింది. కొత్తపేట పండ్ల మార్కెట్ దగ్గర మామిడి లారీల వెనక అరగంట ఇరుక్కున్నాం. టవర్లు మారుతూనే ఉన్నాయి. ఎల్బీ నగర్ చౌరస్తాలో దిగేసరికి "విజయవాడ, విజయవాడ" అని కండక్టర్ల కేకలు. పిల్లగాడు సంచిలో చెవి పెట్టి విన్నాడు.

"అన్నా, ఆరూ పాడుతున్నయ్."

"రోడ్డు దాటు. తిరుగు బస్సెక్కుదాం" అన్నాను.