కారంపూడి వీరారాధన: చాపకూటిలో సమదర్శనం

క్రీ.శ. 12వ శతాబ్దిలో పల్నాటి సీమను పంచుకున్న నలగామరాజు, మలిదేవరాజు సోదరులు. కోడిపందెంలో ఓడిన మలిదేవపక్షం ఏడేళ్లు ప్రవాసం గడిపింది. గడువు తీరినా రాజ్యభాగం దక్కలేదు. నాగులేటి తీరాన కారంపూడి మరో కురుక్షేత్రమైంది.

ఏటా కార్తిక అమావాస్య మొదలు ఐదు దినాలు అక్కడి వీరుల గుడిలో రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు క్రమంగా జరుగుతాయి. వీరవంశీయులు పూర్వుల ఆయుధాలను తెచ్చి అర్చిస్తారు.

ఈ ఉత్సవానికి హృదయం మందపోరునాటి చాపకూడు. పరమవైష్ణవుడైన బ్రహ్మనాయుడు సర్వవర్ణాలవారినీ ఒకే పంక్తిలో భుజింపజేశాడు. మాల కులంలో జన్మించిన కన్నమదాసును పుత్రునిగా స్వీకరించి సేనానాయకత్వం అప్పగించాడు. ఆ రాజ్యాలు కాలగర్భంలో కలిశాయి. ఆ పంక్తి మాత్రం నేటికీ సాగుతున్నది. వేదాంతం బోధించే సమదర్శనానికి ఆ చాపయే పరీక్షాస్థలం: పక్కన కూర్చున్నవానిలో పరమాత్మను చూడగలిగినవాడే దానిని గ్రహించినవాడు.