రాటటూయి డిస్క్ కొనేవారికి

పిల్లలతో కూర్చుని చూసే వంట సినిమా ఏదైనా చెప్పమంటే నేను చెప్పేది రాటటూయి. పిక్సార్ వాళ్ళ ఈ యానిమేషన్ చిత్రం అమెరికా థియేటర్లలోకి 2007 జూన్ 29న వచ్చింది. అదే ఏడాది నవంబర్ 6న డీవీడీ, బ్లూరే రెండూ ఒకేసారి విడుదలయ్యాయి. తర్వాత 4కే డిస్క్ కూడా వచ్చింది. ఆన్‌లైన్‌లో దొరుకుతున్నా మా ఇంట్లో డిస్క్‌నే దాచుకున్నాం. అందులోని అదనపు అంశాలే కారణం.

కథ పారిస్‌లో జరుగుతుంది. రెమీ అనే ఎలుక, వంట రాని ఓ కుర్రాడి టోపీలో దూరి, జుట్టు పట్టి లాగుతూ అతని చేత వండిస్తుంది. వంటింట్లో ఎలుక అనగానే ఒళ్ళు జలదరిస్తుంది కదా, నాకూ అంతే. పది నిమిషాలు ఓర్చుకోండి. దర్శకుడు బ్రాడ్ బర్డ్. ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ కూడా అందుకుంది.

నేను డిగ్రీలో చదివింది జంతుశాస్త్రం. అందుకే రెమీకి వాళ్ళ నాన్న అప్పగించిన పని చూసి ముచ్చటేసింది: తిండిలో విషం ఉందేమో వాసన చూసి చెప్పడం. ఎలుకలు వాంతి చేసుకోలేవు. కాబట్టి కొత్త తిండిని ఓ పట్టాన నమ్మవు. తోటి ఎలుక నోటి దగ్గర వాసన చూసి, అది తిన్నదాన్నే తామూ తింటాయి. పక్కవాళ్ళు తింటే తప్ప ముట్టని మన పిల్లలు గుర్తొస్తారు.

అదనపు అంశాల్లో రెండు తప్పక చూడాలి. ఒకదానిలో బ్రాడ్ బర్డ్, ప్రసిద్ధ అమెరికన్ చెఫ్ థామస్ కెల్లర్ తమ తమ పనుల గురించి మాట్లాడతారు. ఇంకోటి ఎలుకల చరిత్ర చెప్పే 11 నిమిషాల పొట్టి సినిమా. ప్లేగు సంగతీ దాటేయలేదు.

సినిమా చివర వడ్డించే వంటకం కెల్లర్ రూపొందించిందే. వంకాయ, టమాటా, జుకినీలను పల్చటి చక్రాలుగా తరిగి, క్యాప్సికం గుజ్జు మీద వరుసగా పేర్చి, కాగితం కప్పి, ఓవెన్‌లో 135 డిగ్రీల సెల్సియస్ దగ్గర రెండు గంటలకు పైగా మగ్గిస్తారు. దీని మూలం మిషెల్ గెరార్ అనే ఫ్రెంచి చెఫ్ 1976లో అచ్చువేసిన వంటకం. దానికి ఆయన పెట్టిన పేరు తుర్కీ వాళ్ళ ఇమామ్ బయల్దీ నుంచి వచ్చింది. ఆ ఇమామ్ బయల్దీ ఏమిటంటే, కూరిన వంకాయ! మన గుత్తివంకాయకు దూరపు చుట్టమన్నమాట.

మా అమ్మాయికి వంకాయ పడదు. సెలవులకు ఇండియా వెళ్ళినప్పుడల్లా కంచంలో పక్కకు నెట్టేస్తే, పొద్దున్నే లేచి మసాలా నూరిన మా అమ్మ ముఖం చిన్నబోయేది. ఈ డిస్క్‌ను ఆపి ఆపి చూస్తూ ఇద్దరం ఆ వంటకం చేశాం. తరిగింది తనే. తిన్నది నాలుగు చక్రాలే అనుకోండి. కానీ మరుసటి ఆదివారం అమ్మమ్మకు ఫోన్ చేసి, గుత్తివంకాయలో ఏం కూరతావని తనంతట తనే అడిగింది. అవతల అమ్మ ఎంతసేపు చెప్పిందో!

మరీ చిన్నపిల్లలకు రెండు చోట్ల భయం వేయొచ్చు. మొదట్లో ముసలావిడ తుపాకీ పేల్చడం, తర్వాత దుకాణం అద్దంలో వేలాడే చచ్చిన ఎలుకలు. వైన్, మాంసం కూడా కనిపిస్తాయి.

ఇండియాలో ఉన్నవాళ్ళకు పంపాలనుకుంటే కవరు వెనక రీజియన్ గుర్తు చూడండి. డీవీడీకి అమెరికాది 1, బ్రిటన్, గల్ఫ్, దక్షిణాఫ్రికాలవి 2, మలేషియాది 3, ఇండియాది 5. బ్లూరేకి అమెరికా, మలేషియాలు ఎ, బ్రిటన్, గల్ఫ్ బి, ఇండియా సి. అన్ని రీజియన్లకూ పనికొచ్చే బ్లూరేలూ ఉంటాయి. 4కే డిస్కులకు ఈ గొడవ లేదు, ప్లేయర్ మాత్రం 4కేదే కావాలి.