తుపాకీ ఒరకూ ఒక చరిత్ర ఉంది

కౌబాయ్ సినిమా అనగానే మా తాతయ్యకు 1971లో వచ్చిన 'మోసగాళ్లకు మోసగాడు' గుర్తుకొస్తుంది. కృష్ణ గారు పిస్తోలు దూసే తీరు ఇప్పటికీ చేత్తో చేసి చూపిస్తారు. దూయడం వరకే చూపిస్తారు. దాన్ని మళ్లీ ఒరలో పెట్టడం ఎవరికీ గుర్తుండదు. నేను రాసేది ఎక్కువగా ఆ రెండో పని గురించే.

1950లలో అమెరికాలో ఇంటింటా టీవీలో కౌబాయ్ కథలు ఆడేవి. 1955లో మొదలైన 'గన్‌స్మోక్' అలాంటిదే. అవి చూసి, ఎవరు ముందు తుపాకీ దూస్తారో అని పందేలు మొదలయ్యాయి. వాటికి 'ఫాస్ట్ డ్రా' అని పేరు. నిజమైన గుండ్లతో ఆడిన కొందరు తమ కాళ్లనే కాల్చుకున్నారు. పిస్తోలు ఇంకా ఒరలో ఉండగానే వేలు ట్రిగ్గర్ మీదికి పోతే, గొట్టం చూస్తున్నది మన తొడనో పాదాన్నో కదా! అందుకే ఆ ఆటలో మైనపు గుండ్లు వాడడం మొదలైంది.

ఆ కాలంలోనే జెఫ్ కూపర్ అనే మాజీ మెరీన్ అధికారి కాలిఫోర్నియాలోని బిగ్ బేర్‌లో 'లెదర్‌స్లాప్' అనే పోటీలు నడిపాడు. చాలామంది నడుము దగ్గర నుంచే, ఒంటిచేత్తో, గబగబా కాల్చేవారు. జాక్ వీవర్ అనే డిప్యూటీ షెరిఫ్ మాత్రం పిస్తోలును రెండు చేతులతో పట్టి, కంటి ఎత్తుకు లేపి, గురి చూసి కాల్చి గెలిచాడు. ఈ చరిత్ర మొత్తంలో నాకు నచ్చిన మనిషి ఈయనే. నిదానమే ప్రధానం అని మా అవ్వ అంటుంది. ఈయన మరీ అంత నిదానం కూడా కాదు లెండి, తక్కినవాళ్లకు గురి తప్పుతుంటే ఈయనకు తగిలేది, అంతే.

1976 మే నెలలో మిస్సోరి రాష్ట్రంలోని కొలంబియా పట్టణంలో ఐపీఎస్‌సీ అనే అంతర్జాతీయ సంఘం ఏర్పడింది. కూపర్ దాని మొదటి అధ్యక్షుడు. సంఘం నినాదం మూడు లాటిన్ మాటలు. వాటి అర్థం గురి, బలం, వేగం. చూడండి, వేగం చివరన ఉంది. కూపర్ నాలుగు సూత్రాలు కూడా చెప్పాడు: ప్రతి తుపాకీలోనూ గుండు ఉన్నట్టే అనుకోవాలి, పాడుచేయదలచని దేనివైపూ గొట్టం తిప్పకూడదు, గురి కుదిరేదాకా ట్రిగ్గర్ మీద వేలు వేయకూడదు, ఏం కాలుస్తున్నామో, దాని వెనక ఏముందో తెలిసుండాలి.

సూత్రాలు కాగితం మీద ఉంటే చాలదు కదా. కెనడాలో ఈ ఆట ఆడాలంటే ముందు 'బ్లాక్ బ్యాడ్జ్' అనే శిక్షణ పూర్తిచేయాలి. ఒరలోంచి తీయడం, నడుస్తూ కాల్చడం, మళ్లీ గుండ్లు నింపడం, తిరిగి ఒరలో పెట్టడం, అన్నీ గురువు ఎదుట చేసి చూపాలి. కదిలేటప్పుడు వేలు ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీ బయటే ఉండాలి. గొట్టం ఎప్పుడూ ఎదుటి మట్టికట్ట వైపే ఉండాలి, వెనక్కి తిరిగిందో ఆట నుంచి బయటికే. పోటీ మధ్యలో పిస్తోలు కింద పడినా అంతే. పడినదాన్ని ఆటగాడు ముట్టుకోకూడదు, రేంజ్ అధికారే వచ్చి తీసి ఖాళీ చేస్తాడు. ఆట అయ్యాక ఖాళీ చేసి అధికారికి చూపించాలి. అప్పుడు గొట్టాన్ని కట్ట వైపు పెట్టి ఒకసారి ట్రిగ్గర్ నొక్కాలి. గుండు మిగిలి ఉంటే మట్టిలోకే పోతుంది. ఆ తర్వాతే ఒర.

ఇది చదివినప్పుడు నాకు మా ఎన్‌సీసీ ఫైరింగ్ కళ్ల ముందు మెదిలింది. పాయింట్ టూ టూ రైఫిల్‌తో నేల మీద పడుకుని కాల్చాము. కాల్చడానికి పట్టింది కాసేపే. 'ఖాలీ కర్' అన్నాక హవల్దార్ గారు ఒక్కొక్కరి రైఫిల్ వంగి చూసుకుంటూ వచ్చిందే ఎక్కువ సేపు. అప్పుడు విసుగ్గా అనిపించింది. మనవాళ్లు గెలిచిన ఒలింపిక్ షూటింగ్‌లోనైతే ఒర ఊసే లేదు. 2012లో విజయ్ కుమార్ గారికి వెండి పతకం వచ్చిన ర్యాపిడ్ ఫైర్ పోటీలో చేయి కిందికి దించి మొదలుపెడతారు, పిస్తోలు మాత్రం చేతిలోనే ఉంటుంది.

ఆ తేడా కెనడాలో పెద్దదైంది. తుపాకీ చావులు తగ్గించాలని అక్కడి ప్రభుత్వం 2022 అక్టోబరు 21 నుంచి చేతి తుపాకుల కొనుగోలు, అమ్మకాలు ఆపింది. ఒలింపిక్ పోటీల వాళ్లకు మినహాయింపు ఇచ్చింది, ఒర వాడే ఈ ఆటకు ఇవ్వలేదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ముందు ఆట గురించి వాదించే ధైర్యం నాకు లేదు. అయినా తుపాకీని ఇంత భయభక్తులతో పట్టుకోవడం నేర్పే చదువుకు కొత్త విద్యార్థులు తగ్గిపోతారే అని బాధగా ఉంది. ఇప్పటికే పిస్తోలు ఉన్నవాళ్లు ఆడుకోవచ్చు. కొత్తగా నేర్చుకుని సొంతంగా ఒకటి కొనుక్కుందామనుకునే వాళ్లకు దారి మూసుకుపోయింది.